ఇరవై ఆరు నిమిషాల తిట్లు

తిట్టబోయే ముందు డాక్టరుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోస్తారు. ఎదురుగా ఉన్నదాని మీదికి చూపుడువేలు చాపుతారు. ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే ఆయన మనుషుల్ని తిట్టరు. వస్తువుల్ని తిడతారు.

నర్సమ్మ బదిలీ మీద వచ్చిన మొదటిరోజే ఇది చూసింది. ఆస్పత్రి అంటే గోదాముల వెనక వీధిలో మూడు గదులు, ఒక వరండా. వచ్చేవాళ్ళు మూటలు మోసేవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు. ఆ రోజు ఒక హమాలీ చొక్కా జేబులోంచి నొప్పి బిళ్ళల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. రోజుకి ఒకటితో మొదలైందని, ఇప్పుడు ఎనిమిది మింగుతున్నానని చెప్పి తల వంచుకున్నాడు.

డాక్టరుగారి కళ్ళజోడు పైకి వెళ్ళింది. అట్టని పేపరువెయిటుకి ఆనించి నిలబెట్టారు.

“ఏమే, మళ్ళీ తయారయ్యావా?” అన్నారు అట్టతో. “నడుం ఇతనిది, మూట ఇతనిది, పెత్తనం నీదా? చుట్టపుచూపుగా వచ్చి ఇంటి తాళంచెవులు మొలలో దోపుకున్నావే, సిగ్గనిపించడం లేదూ?”

హమాలీ మెల్లగా తలెత్తాడు. “అడగండి సార్. బాగా గడ్డిపెట్టండి” అన్నాడు.

నర్సమ్మ గోడగడియారం చూసింది. తొమ్మిది నిమిషాలు. బయట ఇరవైమంది కూచున్నారు. ఆమెకి ఒళ్ళు మండింది. ఆ రోజే చిన్న నోటుపుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టింది. బిళ్ళల అట్ట, తొమ్మిది నిమిషాలు. కాలు విరిగిన కుర్చీ, నాలుగు. దగ్గుమందు సీసా, ఎనిమిది. పైఆఫీసుకి పంపాలని ఆమె ఉద్దేశం.

ఓసారి డాక్టరుగారు నడుం బెల్టులు అడిగితే పైఆఫీసువాళ్ళు పోస్టరు పంపారు. పుర్రె బొమ్మ, కింద ‘మత్తుకు బానిస కావద్దు’ అని ఎర్రక్షరాలు. డాక్టరుగారు దాని ముందు నిలబడ్డారు.

“ఎవర్ని భయపెడదామని వచ్చావు? లోపలికి వచ్చినవాణ్ణా? వాడు ధైర్యం చేసి వచ్చాడు. రానివాడు నీ మొహం చూడడు. ఇంతకీ ఆ పళ్ళికిలింపు ఎందుకు?”

ఆరు నిమిషాలు.

అన్నిటికన్నా నర్సమ్మకి కంపరం పుట్టించింది ఒక రేకు డబ్బా. మూత మీద ‘జైలు’ అని రాసి ఉంది. రోజుకి ఎనిమిది మింగేవాడు ఈ నెల ఏడే మింగాలి. మిగిలిన బిళ్ళలు పొట్లం కట్టి తెచ్చి డబ్బాలో వేయాలి. పైనెల ఆరు. “అందర్నీ ఒకేసారి పట్టుకుంటే ఒళ్ళు తిరగబడుతుంది. ఒక్కొక్కణ్ణే లోపలేద్దాం” అనేవారు డాక్టరుగారు. ఎవరికైనా మరీ ఓర్చుకోలేని రోజు వస్తే, వచ్చి తన బిళ్ళలకి బెయిలు అడగవచ్చు.

“డాక్టరుగారూ, విడిమందులు స్టోరులో రాయించాలి” అంది నర్సమ్మ.

“ఖైదీల్ని స్టోరులో పెడతారా సిస్టర్?”

“ఏ రూల్సులోనూ జైలు అనే మందు లేదండీ.”

“అదే కదా రూల్సుతో వచ్చిన చిక్కు.”

అయిదు నెలలు గడిచాయి. హమాలీ ఎనిమిది నుంచి మూడుకి దిగాడు. అప్పుడు తనిఖీ అన్న కబురు వచ్చింది. డాక్టరుగారు ఊళ్ళో లేరు. మందులు అలా పారబోయకూడదని నర్సమ్మకీ తెలుసు. కానీ తెల్లారితే తనిఖీ. పొట్లాలన్నీ విప్పి, నీళ్ళలో నానబెట్టి, సింకులో పోసింది. డబ్బా తోమి బోర్లించింది. సింకు సగం మింగి, సగం గొంతులో పెట్టుకుని కూచుంది. తనిఖీకి ఎవరూ రాలేదు.

రెండోరోజు మధ్యాహ్నం హమాలీ వచ్చాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. ఒకచోట నిలవలేకపోతున్నాడు.

“సిస్టరమ్మా, పొద్దుట్నుంచీ రెండు లారీలు దింపాను. నావాళ్ళని ఓ ఇద్దర్ని వదలమనండి.”

నర్సమ్మ డబ్బా వైపు చూసింది. అతనూ చూశాడు. మూత తెరిచి లోపలికి చూశాడు.

“ఏరమ్మా నావాళ్ళు?”

“పారబోశాను.”

అతను మూత జాగ్రత్తగా పెట్టాడు. “పోనీలెండి. ఎదురుగా మందుల కొట్టుందిగా” అన్నాడు.

ఆ కొట్టులో చీటీ అడగరు. అట్టకి అట్ట చేతిలో పెడతారు. మూడుకి అలవాటుపడ్డ ఒళ్ళు మళ్ళీ ఒక్కసారి ఎనిమిది మింగితే ఏమవుతుందో నర్సమ్మకి తెలుసు. అతను గుమ్మం మెట్టు మీద ఒక కాలు పెట్టాడు.

ఆ పొద్దునే ఊరి నుంచి తిరిగొచ్చిన డాక్టరుగారు లోపలిగదిలోంచి వచ్చారు.

“నేనే పారబోశానండీ. తనిఖీ ఉందని” అంది నర్సమ్మ.

కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళింది. వేలు లేచింది. నర్సమ్మ కళ్ళు మూసుకుంది. వేలు ఆమె భుజం మీదుగా దాటిపోయి సింకు దగ్గర ఆగింది.

“నీకిదేం ఆకలే?” అన్నారు డాక్టరుగారు. “ఒక్క గుక్కలో అన్ని బిళ్ళలా? ఎవరో పోస్తే మాత్రం, నోరు మూసుకోవద్దూ? మొన్నటిదాకా నిక్షేపంలా ఉన్నావు. ఇప్పుడు చూడు, గుక్కెడు నీళ్ళు దిగడం లేదు, తెల్లటి నురగ కక్కుతున్నావు. ఎక్కువ మింగితే ఊపిరాడదని ఎన్నిసార్లు చెప్పాను?”

గుమ్మంలో రెండో కాలు ఆగింది.

“అది వినదు సార్. మా అల్లుడి రకం” అన్నాడు బల్ల మీది ముసలి కాపలాదారు.

వరండా నవ్వింది. హమాలీకీ నవ్వు వచ్చింది. వెనక్కి వచ్చి బల్ల చివర కూచున్నాడు, మిగతాది విందామని.

మిగతాది చాలా ఉంది. ఎత్తలేనన్నవాడికి సెలవివ్వకుండా బిళ్ళ చేతిలో పెట్టే గోదాము మేస్త్రీ, చీటీ అడగని కొట్టు, బెల్టులు అడిగితే పుర్రెలు పంపిన ఆఫీసు, అందరి పాపమూ ఆ పూట సింకే మోసింది. “చెయ్యి విరిగితే కట్టు కడతాం, నడుం విరిగితే నీతులు చెబుతాం, ఇదేం న్యాయమే?” అని డాక్టరుగారు దాన్ని నిలదీశారు. గొంతు బొంగురుపోయేదాకా నిలదీసి, ముఖం తుడుచుకుని, హమాలీ పక్కన కూలబడ్డారు.

“ఇప్పుడు చెప్పు. ఎన్ని కావాలి? చీటీ రాసి నా చేత్తో ఇస్తాను.”

హమాలీ నడుం తడుముకున్నాడు. “నొప్పి ఉంది సార్. కానీ ఇందాకటి ఆత్రం లేదు. ఇంటికెళ్ళి రాత్రిది రాత్రికి వేసుకుంటాను.”

డాక్టరుగారు రెండురోజులు మూట ఎత్తరాదని చీటీ రాసిచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

నర్సమ్మ గడియారం చూసింది. ఇరవై ఆరు నిమిషాలు. అలవాటుగా నోటుపుస్తకం తీసింది.

“ఎంతైందమ్మా?” అన్నాడు హమాలీ.

“ఇరవై ఆరు.”

“సరిపోయింది. ఆ ఆత్రం పట్టుకుందంటే ఓ ఇరవై నిమిషాలు మనిషిని నిలవనివ్వదు. ఆ గండం దాటితే జోరు తగ్గుద్ది. బెయిలు అడిగినవాడికి ఈయన లేదనరు. తిట్టడం అయ్యాక ఇస్తానంటారు. అప్పటికి అడిగినవాడికి అక్కర్లేకుండా పోద్ది.”

“మరి ఆ మాట మీకు ముందే చెప్పొచ్చుగా?”

“ముందున్న డాక్టరు అన్నీ ముందే చెప్పేవారు. మమ్మల్నే తిట్టేవారు. ఒకసారి తిట్టించుకున్నవాడు రెండోసారి రాడమ్మా. మా తోడల్లుడు అలాగే ఇక్కడికి రావడం మానేశాడు. తర్వాత ఇంక ఎక్కడికీ రాలేదు.”

అతను చీటీ మడిచి, అట్ట ఉండే జేబులోనే పెట్టుకుని వెళ్ళాడు. ఎదురు కొట్టు వైపు చూడకుండా వీధి మలుపు తిరిగాడు. నర్సమ్మ మలుపు దాకా చూసింది. తర్వాత నోటుపుస్తకం వెనక్కి తిప్పింది. కుర్చీకి నాలుగు. పోస్టరుకి ఆరు. బెయిలు కోసం ఎవరైనా వచ్చిన రోజు మాత్రం ఇరవైకి తగ్గలేదు. అన్నీ తన చేతిరాతే. పైఆఫీసుకి పంపాలని రాసిపెట్టుకున్న ఉత్తరం చింపి బుట్టలో వేసింది.

మర్నాడు పొద్దున డాక్టరుగారు అందరికన్నా ముందు వచ్చారు. చొక్కాచేతులు మడిచి, ఇనపతీగతో సింకు గొంతులో గడ్డకట్టినదంతా లాగిపారేశారు. కుళాయి తిప్పితే నీళ్ళు గుడగుడమని దిగాయి. అప్పుడు కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు. వేలు మాత్రం చాపలేదు. అరచెయ్యి సింకు అంచు మీద పెట్టారు.

“నిన్న నలుగురిలో నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు. నీ పని నువ్వు చేశావు. ఆ డబ్బా ఎందుకో నీకు ముందే చెప్పాల్సింది, నేను చెప్పలేదు.”

వెనక బల్ల దగ్గర నర్సమ్మ డబ్బాకి కొత్త కాగితం అంటిస్తోంది. ‘జైలు’ అని గుండ్రంగా రాసి, కింద రూల్సు ప్రకారం తేదీ కూడా వేసింది.

“పర్లేదట డాక్టరుగారూ” అంది తలెత్తకుండా. “సింకేమీ అనుకోలేదట.”

డాక్టరుగారు వెనక్కి తిరగలేదు. “మంచి సింకు సిస్టర్ అది” అని చేతులు కడుక్కున్నారు.