కాయితం ప్రకారం మా నాయన పుట్టలేదు

మా నాయన బతికుండగానే ఏటా తనకు తానే ఎడ పెట్టుకున్నాడు. ఇదేదో యోగసాధన అనుకునేరు. మా కోలారు వైపు మహాలయ అమావాస్యనాడు చనిపోయిన పెద్దల పటాల ముందు కొత్త బట్టలు మడిచిపెట్టి, వాళ్ళకు ఇష్టమైన తిండి అరిటాకులో వడ్డిస్తారు. దాన్నే ఎడ పెట్టడం అంటాం. మా ఇంట్లో ఆ వరసలో మా పెదనాన్న కూడా ఉండేవాడు. ఆయన్ను బతికున్నప్పుడు ఎవరూ ఫొటో తీయలేదు కాబట్టి పటానికి బదులు ఒక ఖాళీ పీట. మా నాయన ఆ పీట ముందు వడలూ పాయసమూ పెట్టి, కర్పూరం వెలిగించి, అన్న పేరు చెప్పి దండం పెట్టేవాడు. మర్నాడు పొద్దున అదే పేరుతో బంగారు గనిలోకి దిగేవాడు.

సంగతి ఇది. మాది రాయల్పాడు పక్కన ఒక పల్లె. మా తాతకు ఇద్దరు కొడుకులు. పెద్దవాణ్ణి నాలుగో తరగతి దాకా బడికి పంపినాడు. చిన్నవాణ్ణి, అంటే మా నాయనను, గొర్రెల వెంట పంపినాడు. పెద్దవాడు ఇరవయ్యో ఏట జ్వరం వచ్చి పోయినాడు. అప్పటికి మా నాయనకు పదహారు. ఆ కాలంలో గనిలో పని దొరకడమంటే ఇంటికి దీపం పెట్టినట్టే. కాకపోతే వయసు పద్దెనిమిది నిండాలి, నిండినట్టు రుజువు చూపాలి. మా ఇంట్లో పుట్టినతేదీ రాసిన ఒక బడి సర్టిఫికెట్ ఉంది, దాని సొంతదారు లేడు. ఒక కొడుకు ఉన్నాడు, వాడికి సర్టిఫికెట్ లేదు. మా తాత ఈ రెండు సగాలనూ కలిపి ఒక నిండు మనిషిని తయారుచేసి గనికి పంపినాడు. సృష్టి ఎలా జరుగుతుందో ఇంత విడమరిచి చూపిన పురాణం నేనింతవరకు చదవలేదు.

అప్పటినుంచి మా నాయన గని ఉండే ఊరిగాంలో అన్న. పల్లెకు పోతే తమ్ముడు. కాయితంలో వయసు నాలుగేళ్ళు ఎక్కువ కనక నాలుగేళ్ళు ముందే రిటైరైనాడు. నా సర్టిఫికెట్ల ప్రకారం నా తండ్రి నేను పుట్టకముందే చాలా ఏళ్ళ కిందట కాలం చేసినాడు. సంఘసంస్కరణ సభల్లో నన్ను "ఏ తండ్రికి పుట్టినావురా" అని తిట్టిన ఛాందసులు ఎందరో ఉన్నారు. తమ ప్రశ్న ఎంత పదునైనదో పాపం వాళ్ళకు తెలియదు.

ఇదంతా మాకు ఇంటి విషయం, చింతపండు డబ్బా ఎక్కడుందో తెలిసినంత మామూలు విషయం. రెండేళ్ళ కిందట నేను నోరు పారేసుకోకుండా ఉంటే మామూలుగానే ఉండేది.

ఊరిగాంలో ఒక కాలేజీవాళ్ళు "నేను ఎవరు?" అనే అంశం మీద పిల్లలకు రెండు ఉపన్యాసాలు పెట్టినారు. ఒకటి కాషాయం కట్టిన ఒకాయనది, రెండోది నాది. ఆయన కళ్ళు మూసుకుని, "నాయనలారా, మీ లోపలికి తొంగిచూడండి, అక్కడ 'నేను' దొరుకుతుంది" అన్నాడు. నా వంతు వచ్చింది. "ఈ ఊళ్ళో వందేళ్ళపాటు మూడు కిలోమీటర్ల లోతు దాకా తొంగిచూసినారు. దుమ్ము దొరికింది, దగ్గు దొరికింది, కొంచెం బంగారం కూడా దొరికింది. ఆత్మ మాత్రం ఒక్క బకెట్టులో కూడా పైకి రాలేదు" అన్నాను. పిల్లలు ఈలలు వేసినారు. ఈల వినిపిస్తే నేను ఆగే మనిషిని కాదు. లోపలికి చూసుకుంటే వేడీ చలీ ఆకలీ కోపమూ కనిపిస్తాయి గానీ వీటన్నిటినీ పట్టుకు కూర్చున్న నేను అనేవాడు ఎవరూ కనపడరని తత్వవేత్తలు ఎప్పుడో తేల్చినారని చెప్పినాను. మరి ఈ నేను ఎక్కడిది? ఇరుగుపొరుగు తగిలించింది. పుట్టినప్పుడు మన దగ్గర లేదు. వాళ్ళు పిలిచి పిలిచి, చూసి చూసి, తిట్టి తిట్టి మనలో ఒక మనిషిని తయారుచేస్తారు. సమాజశాస్త్రం చెప్పేది ఇదే అని ముగించినాను. చప్పట్లు బాగా పడినాయి. ఆ తర్వాత భోజనాలు ఉన్నాయనేది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వెనక వరసలో మా నాయన ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళ మనిషి, మఫ్లరు చుట్టుకుని, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంతా విన్నాడు. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టినాడు.

"రేయ్, నువ్వు చెప్పింది బాగానే ఉండాది. పక్కోళ్ళు పిలిచి పిలిచి మనిషిని చేస్తారంటివి. నన్ను అందరూ మా అన్న పేరుతో పిలిచినారు గదా. అట్లయితే నేను మా అన్నని అయిపోయినానా?"

"ఒక రకంగా అయినట్టే నాయనా."

"మరి నేను యాడికి పోయినాను?"

నేను నలభై ఏళ్ళుగా వాదాలు చేస్తున్నాను. మఠాధిపతులతో చేసినాను, జ్యోతిష్యులతో చేసినాను. ఎప్పుడూ నీళ్ళు నమలలేదు. ఆ రోజు లోపలికి పోయి నిజంగానే చెంబెడు నీళ్ళు తాగి వచ్చినాను. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

"నేను చస్తే మున్సిపాలిటీలో ఎవరి పేరున రాస్తారు?"

"కాయితంలో ఉండే పేరున."

"అంటే మా అన్న రెండోసారి చస్తాడు. నేను ఒకసారన్నా చావను. పుట్టినట్టు రుజువు లేదు, చచ్చినట్టు రుజువు ఉండదు."

"ఆ మాట పరమాత్మ గురించి చెప్తారు నాయనా. నీకు ఉత్తపుణ్యానికి దొరికింది."

"ఎగతాళి చాలుగానీ, ఇను. నేను పోయేలోగా నా పేరు ఒక కాయితం మీద రాయించు. నాకు ఇంగేమీ వద్దు. ఈ పేరుగలోడు ఒకడు ఉండినాడు అని ఒక్క కాయితం."

వంటింట్లోంచి నా భార్య బయటికి వచ్చింది. "మామా, ఇప్పుడు ఆ కాయితాలు కదిలిస్తే ఉండే పింఛను పోతాది."

"పోనీలే తల్లీ. అది మా అన్నది గదా."

నేను నా ధోరణిలో నచ్చజెప్పబోయినాను. పేరంటే ఉత్త శబ్దం, దానికోసం ఈ వయసులో వెంపరలాడటం ఏమిటి అని ఏదో అన్నాను. ఆయన గోడ వైపు వేలు చూపించినాడు. అక్కడ అల్మారాలో నా పుస్తకాలు ఉన్నాయి.

"అట్లయితే ఆ అట్టల మీద నీ పేరు ఎందుకుండాది? తీసెయ్."

"పేరులో ఒక అచ్చుతప్పు పడినందుకే ప్రెస్సాయన్ని ఫోన్‌లో గంటసేపు తిట్టినాడు మామా ఈయన" అని నా భార్య అంటించింది. హేతువాదికి ఇంట్లో సాక్షులు ఉండకూడదు.

రాబర్ట్‌సన్‌పేటలో నోటరీ లాయరు దగ్గరికి పోయినాం. ఆయన కన్నడం మాట్లాడుతూ మధ్యలో మాకోసం తెలుగులోకి దిగేవాడు. మా కథ విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సార్, చనిపోయినోడి కోసం అఫిడవిట్ రాసినాను. కనపడకుండా పోయినోడి కోసం రాసినాను. ఎదురుగా కూర్చున్నోడు తానే తాను అని రాయడం ఇదే మొదటిసారి."

"కుదురుతుందా, కుదరదా?"

"కుదురుతాది. తాత గనికి రాకముందు, సొంత పేరుతో తెలిసినోళ్ళు ఎవరన్నా సాక్షి కావాల. ఒక్కరైనా చాలు."

మా నాయన ఒక్కొక్కరినీ తలుచుకుంటూ వేళ్ళు మడిచినాడు. మడిచిన వేలల్లా చనిపోయిన మనిషి. చివరికి ఒక్క చిటికెనవేలు మిగిలింది.

ఆమె మా నాయనకు మేనత్త కూతురు, ఆయనకంటే మూడేళ్ళు పెద్దది, వరసకు వదిన. పెదనాన్నకూ ఆమెకూ పెళ్ళి చేయాలని పెద్దలు అనుకున్నారట. ఈలోగా ఆయన పోయినాడు. ఆమెను మా పల్లెలోనే వేరొకరికి ఇచ్చినారు. ఇప్పుడు కొడుకూ కోడలూ పట్టుపురుగులు మేపుకుంటారు, చుట్టూ మామిడితోట. అనపకాయల కాలంలో ఒక పొద్దున మేమిద్దరం బస్సెక్కి పోయినాం. టైపు చేయించిన కాయితం, వేలిముద్రకు ఇంకు డబ్బీ నా సంచిలో ఉన్నాయి.

ఆమె అరుగు మీద కాళ్ళు చాపుకుని, రాత్రి నానేసిన అనపగింజలు పితుకుతూ ఉంది. బొటనవేలితో నొక్కితే తోలు ఒక పక్కకు, పప్పు ఒక పక్కకు పోతుంది. చూపు దాదాపు లేదు. చెయ్యి మాత్రం ఆగదు.

"ఎవరప్పా వచ్చినారు?"

"నేను వదినా" అన్నాడు మా నాయన.

"ఈ గడపకు వచ్చినోడల్లా నేనే అంటాడు. ఏ నేను?"

నా ఉపన్యాసం గంటన్నర పట్టింది. ఆమె రెండు మాటల్లో ముగించింది.

"గనికి పోయినోణ్ణి."

చెయ్యి ఆగింది. "పెద్దోడా?"

మా నాయన ముఖం చూడలేక నేను పందిరి మీది కాకరతీగను చూసినాను. ఉన్న ఒక్క సాక్షీ పోయింది అనుకున్నాను.

"పెద్దోడు యాడొస్తాడులే" అని ఆమే మళ్ళీ అంది. ఆ వెంటనే గొంతు లేచింది. మా నాయనను సొంత పేరుతో, చివర ఒక "గా" తగిలించి పిలిచింది. "దొంగ నాయాలా! ఇప్పుడు దావ కనపడిందేమిరా నీకు? మా చేలో అనపకాయలు దొంగిలించింది నువ్వు, దెబ్బలు తినింది మీయన్న. నువ్వు అన్న మీద చెప్తే వాడు నోరు తెరవకుండా నిలబడినాడు. మా నాయన చింతబర్ర ఇరిగేదాకా కొట్టినాడు వాణ్ణి. అప్పుడు నీ తప్పు వాడి పేరున రాయిస్తివి. తర్వాత నువ్వే వాడి పేరున దూరితివి. ఇంగేం కావాలని వచ్చినావురా?"

మా నాయన నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. డెబ్భై ఏళ్ళ తర్వాత ఆయన ఉన్నాడని ఒకరు తేల్చినారు. అదీ ఒక దొంగతనం ఆధారంగా. మంచితనం ఎవరి ఖాతాలోనైనా పడుతుంది, ఇన్నేళ్ళ ఆయన కష్టమంతా అన్న ఖాతాలోనే పడింది గదా. చేసిన వెధవపని మాత్రం ఆయన పేరునే ఒక ముసలామె దగ్గర భద్రంగా ఉంది. ఏ తత్వశాస్త్రమూ నాకు ఈ ముక్క చెప్పలేదు.

నేను సందు చూసుకుని కాయితం తీసినాను. "అత్తా, ఇది ఇట్లా ఇట్లా. ఈయన ఫలానా అని నువ్వు వేలిముద్ర వేస్తే చాలు."

ఆమె మొత్తం విన్నది. మళ్ళీ పితకడం మొదలుపెట్టింది.

"వెయ్యను."

"అబద్ధం కాదు అత్తా, నిజమే రాసినాం."

"నిజమేనప్పా. నిజం రాస్తే పెద్దోడు ఏమైపోతాడు? వాడు ఇరవై ఏండ్లకే పాయె. పెండ్లి లేదు, బిడ్డలు లేరు. గనిలో వాడి పేరు పిలిచినారు, వాడికి ఓటుండాది, వాడి పేరున నువ్వు చదువుకుంటివి. ఆ కాయితంలో వాడు ముసలోడయినాడు. నా మాదిరే ముసలోడయినాడు. ఇప్పుడు నన్ను సంపమంటావా వాణ్ణి?"

నా దగ్గర ఆమెకు చెప్పదగ్గ తర్కం చాలా ఉండింది. చచ్చినవాడు చచ్చినవాడే, కాయితం మీద ముసలితనం రాదు, ఇది భ్రమ. నోటిదాకా వచ్చింది కూడా. మా నాయన నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కినాడు. నేను కాయితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆయన అరుగు మీద ఆమెకు ఎదురుగా జరిగి కూర్చుని, గంపలోంచి గుప్పెడు గింజలు తన ముందుకు లాక్కున్నాడు. పితకడం చేతకాదు. సగం పప్పులు చితికిపోతున్నాయి. ఆమె చెవితోనే కనిపెట్టి ప్రతి చితికిన గింజకూ ఆయన్ను సొంత పేరు పెట్టి తిట్టింది. గంటసేపు ఆ తిట్లు తిన్నాక మేము పితికిపప్పు సాంబారుతో రాగిముద్ద తిని బయలుదేరినాం.

బస్సులో ఆయన కిటికీ పక్క సీటులో కూర్చున్నాడు. శ్రీనివాసపురం దాటినాక అన్నాడు.

"ఆ కాయితం చించెయ్. వద్దు."

"మరి నీ పేరు?"

"వదిన దగ్గర ఉండాదిలే." మఫ్లరు చెవుల మీదికి లాక్కుని, "ఆమె ఇంగెన్ని దినాలుంటాది పాపం. ఆమె తర్వాత నువ్వు పిలవాల."

"ఏమని?"

"పేరు పెట్టి. పిలువు, చూస్తాను."

నవ్వొచ్చింది. పిలవబోయినాను. నోరు రాలేదు. జంధ్యాలు తెంపించినవాణ్ణి, ముహూర్తం లేకుండా రాహుకాలంలో పెళ్ళి చేసుకున్నవాణ్ణి, ఆచారం అనే మాట వినిపిస్తే కర్ర తీసుకునేవాణ్ణి. కన్నతండ్రిని ఎదురుగా పేరు పెట్టి పిలవకూడదని నాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పింది కూడా లేదు. అయినా గొంతులో ఎవరో అడ్డం కూర్చున్నారు. ఆ కూర్చున్నది ఎవరో నాకు బాగా తెలుసు, వాడి గురించే నేను కాలేజీలో గంటన్నర మాట్లాడినాను.

"ఏమప్పా, పెద్ద ఉపన్యాసకుడివి, పేరంటే ఉత్త శబ్దమంటివే" అన్నాడు మా నాయన. "శబ్దం చెయ్యి."

చివరికి బడిపంతులుగా ఉన్న రోజుల్ని తలుచుకున్నాను. కళ్ళు ముందు సీటు కమ్మీ మీద పెట్టి, హాజరు పట్టీలోంచి చదువుతున్నట్టు ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచినాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. బస్సులో సగంమంది వెనక్కి తిరిగినారు. కండక్టరు టికెట్ మిషన్ పట్టుకుని ఎవరో దిగే స్టాపు మర్చిపోయినారనుకుని అరిచినాడు.

"యారప్పా అది? ఎవరు?"

మా నాయన మఫ్లరు కిందికి లాగి, చెయ్యి పైకెత్తినాడు.

"నేనేనప్పా" అన్నాడు.