ఇప్పుడే చదవొద్దన్న వ్యాసం

మా అమ్మాయి పదకొండో ఏట డెంగీతో పోయింది. పురానాపూల్ దగ్గర మా చర్చిలో పాస్టరుగారు అది దేవుని చిత్తమన్నారు. ఆ మాట తప్పని నేననలేదు. కానీ ఆ తర్వాత ఆదివారాలు చర్చికి వెళ్లడం మానేశాను. మా ఆయన సిటీ బస్సుల డిపోలో మెకానిక్. ఆయన ఏడవలేదు, ఆ సంగతి మాట్లాడనూ లేదు. మూడో రోజు డ్యూటీకి వెళ్లిపోయారు.

నేను నయాపూల్‌లో కోర్టుకు ఎదురుగా ఉన్న టైపింగ్ సెంటర్‌లో అఫిడవిట్లు టైపు చేస్తాను. అమ్మాయి పోకముందే దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషుకు చేరి ఉన్నాను. ఒక మధ్యాహ్నం పని లేక పాఠాల పుస్తకం తెరిస్తే, దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి అమెరికాలో కొందరు ఆలోచనాపరుల గురించి పేజీన్నర పాఠం కనబడింది. వాళ్ల తత్వం పేరు ట్రాన్సెండెంటలిజం. సత్యం తెలియడానికి మధ్యవర్తి అక్కర్లేదని, అది ప్రతి మనిషి లోపలే పలుకుతుందని, చెట్టులోనూ నీటిలోనూ ఉన్నది కూడా అదేనని వాళ్లు నమ్మారట. పాస్టరుగారి మాట కాకుండా ఇంకో మాట ఎవరైనా చెబితే బాగుండునని ఉన్న రోజులవి. పేజీన్నర చాలలేదు.

ఫోన్‌లో వెతికితే ధ్యానం వీడియోలు వచ్చాయి. కళ్లు మూసుకుని శ్వాస మీద దృష్టి పెట్టమన్నారు. కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో గైడ్లు దొరికాయి. మూడు గైడ్లలోనూ ఒకటే పేరా, ఒకే అచ్చుతప్పుతో సహా. లైబ్రరీ జాబితాలో ఒక మంచి పుస్తకం ఉంది కానీ, అలమారలో దాని చోటు ఖాళీగా ఉంది. "రాసి ఉన్నదంటే ఉన్నట్టే మేడం. గానీ కనిపిస్తలేదు" అన్నాడు అక్కడి ఉద్యోగి.

చివరికి మా సెంటర్‌కు వచ్చే ఒక లాయరుగారు దారి చూపారు. "కార్వాన్‌ల ఒక సార్ ఉంటడమ్మా. కాలేజీల ఇంగ్లీష్ చెప్పి రిటైరైండు. పోయి అడుగు."

తలుపు సారే తీశారు. ముందుగదిలో గోడ మీద నడుము ఎత్తున మట్టి చార ఉంది. వానాకాలంలో మూసీ నీళ్లు ఇంట్లోకి వచ్చాయట. కింది అరల్లో పుస్తకాలు ఉబ్బి, అట్టలు ఊడి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నేను మా అమ్మాయి సంగతి, వచ్చిన పని చెప్పాను.

"గైడ్లు పక్కకు పెట్టు బేటీ. ఫస్ట్ వాళ్లు రాసిందే సదువు. దినాం ఒక్క పేజీ, గంతే. సమజ్ కాకుంటె మల్ల గదే పేజీ. పాత రాతలు గద, నెట్‌ల ముఫ్త్‌ల, పైస లేకుంట దొరుకుతయ్. యూనివర్సిటీలోళ్లు నోట్సు రాసి పెట్టినయి చూడు. ఎవరు పెట్టిన్రో తెల్వనియి వద్దు."

"తర్వాత సార్?"

"వాళ్ల డైరీలు, ఉత్తరాలు. ఉపన్యాసంల ఎవడైనా గట్టిగనే మాట్లాడ్తడు. డైరీల అసలు మనిషి కనిపిస్తడు. ఆఖరికి వాళ్లను తిట్టినోళ్లను గూడ సదువు. లేకుంటె సగమే తెలుస్తది."

కాగితం మీద వరసగా రాసిచ్చారు. చివర ఒక వ్యాసం పేరు రాసి, కింద గీత గీశారు. "గిది ఇప్పుడే వద్దు" అన్నారు. ఎందుకని అడిగితే, కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

అయిదు నెలలు ఆయన చెప్పినట్టే చదివాను. ఆదివారాలు వెళ్లి సందేహాలు అడిగేదాన్ని. ఒకరోజు పనికి వెళుతూ పాత వంతెన మీద ఆగి, వాళ్లలో ఒకాయన చెరువు నీటిలో చూసింది నాకూ కనబడుతుందేమోనని మూసీ వైపు చూశాను. నల్లటి నీళ్లు, నురగ, కవర్లు, వాటి మధ్య రెండు కొంగలు. ఆ మాట చెబితే సార్ నవ్వారు. "వాళ్ల చెరువు సాఫ్‌గ ఉండె బేటీ."

వద్దన్న వ్యాసాన్ని ఆగలేక ఒక మధ్యాహ్నం సెంటర్‌లోనే చదివాను. వాళ్లందరికీ పెద్దదిక్కులాంటి మనిషి, తన అయిదేళ్ల కొడుకు చనిపోయాక రాసిన వ్యాసమది. మిగతా చోట్ల అంత ధైర్యం చెప్పినవాడు ఇందులో కాలు మోపే చోటు కోసం తడుముకుంటున్నాడు. ఓదార్పు ఎక్కడా లేదు. ఆ రోజు ఒకే అఫిడవిట్ మూడుసార్లు తప్పు టైపు చేశాను.

దాని గురించి అడుగుదామని ఆదివారం వెళితే సార్ మంచం మీద ఉన్నారు. మూడు రోజుల కిందట పక్షవాతం వచ్చిందట. ఆయన కూతురు నాకు కుర్చీ వేసింది. "అబ్బాకు మాట వస్తలేదక్కా. వింటరు."

ఏం చేయాలో తెలియక ఫోన్ తీసి ఆ వ్యాసమే చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"బస్ అక్కా. మా తమ్ముడు పోయిన సంది అబ్బా దాన్ని ముట్టలే."

ఆయనకు ఒక కొడుకు ఉండేవాడని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు తగలకూడదనుకున్న దెబ్బను, కదల్లేని మనిషికి నేనే చదివి వినిపించాను. క్షమించమని అడిగాను. ఆయన ఇటు తిరగలేదు. మరో మూడు వారాలకు పోయారు.

పరీక్షలో ఆ తత్వం లక్షణాలు పది రాయమన్నారు. నాకు ఆరే తోచాయి. పాసయ్యాను.

ఆ తర్వాత ఒక సెలవు రోజు పొద్దున మా ఆయన నా పక్కన కూర్చున్నారు. "ఏం సదువుతున్నవ్ గంత సేపు?"

ఆ వ్యాసంలో కొంత తెలుగులో చెప్పాను.

"చిన్నోడా?"

"చిన్నోడే. కొన్ని దినాల జ్వరమే."

వంగి నా ఫోన్‌లోని ఆ పేజీ చూశారు. తర్వాత, "బిడ్డకు జ్వరం దిగిందని నువ్వంటెనే ఆ పొద్దు నేను డ్యూటీకి పోయిన" అన్నారు.

"నేనే అన్న" అన్నాను. నిజంగానే ఆ పొద్దున ఒళ్లు చల్లబడింది. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగాకే మొదలవుతుందని మాకెవరికీ తెలియదు.

ఆయన మొహం తుడుచుకున్నారు. "మిగిలింది గూడ చెప్పు" అన్నారు.

చెప్పాను. అందులో మాకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అయినా ఆయన చివరిదాకా విన్నారు.