పెద్ద అంబర్‌పేట్ కాటా టైం అడిగిన రోజు

ఇందులో ప్రతి అక్షరం నిజం. మన్సూరాబాద్‌లో నేను కిరాయికుంటున్న ఇంటి మేడ మీద నిలబడి, కుడిచేయి నెత్తిన పెట్టుకుని, పక్కింటి వాటర్ ట్యాంకును సాక్షిగా ఉంచుకుని ప్రమాణం చేస్తున్నాను. సాక్షికి మనిషిని పెట్టుకోవచ్చు కదా అంటారేమో. మనుషులు నా మాటకు సాక్ష్యం రావడం మానేసి చాలా కాలమైంది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక గేదె ఎర్రలైటుకు ఆగి, పచ్చలైటు పడ్డాకే దాటిందని ఒకసారి ఆఫీసులో చెప్పాను. అందులో గేదె నిజమే, చౌరస్తా నిజమే. అప్పటినుంచి నాకు జ్వరమొచ్చిందన్నా థర్మామీటర్ చూపించమంటున్నారు.

ఇది తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా ఆఫీసు ఉండేది. పెట్రోలు బంకులకు, కోల్డ్ స్టోరేజీలకు, లారీలు తూచే కాటాలకు కంప్యూటర్ డబ్బాలు అమ్మే చిన్న కంపెనీ. హెడ్డాఫీసు బెంగుళూరులో. ఆ డబ్బాల లోపల నడిచే కెర్నల్ నా వంతు. కెర్నల్ అంటే యంత్రానికి ఇంటిపెద్ద లాంటిది. ఫైలు తెరవాలన్నా, ప్రింటరు కదలాలన్నా, ఆఖరికి టైం ఎంతయిందో తెలియాలన్నా ప్రతి ప్రోగ్రామూ దాన్నే అడగాలి. ఆ అడగడాన్ని సిస్టమ్ కాల్ అంటారు.

ప్రోగ్రాములకు టైం పిచ్చి. ఊరికే అడుగుతూనే ఉంటాయి. అడిగినప్పుడల్లా లోపలికి వచ్చి పోవడం ఆలస్యమని పూర్వం ఎవరో ఒక ఉపాయం చేశారు. ప్రతి ప్రోగ్రాము ఇంట్లోనూ ఒకే చోట, ఒకే చిరునామాలో, కెర్నల్ తరఫున ఒక గది కట్టి అందులో గడియారం తగిలించారు. ఎవరింట్లో వాళ్ళు తలెత్తి చూసుకోవడమే. సౌకర్యంగానే ఉండేది. కానీ అన్నిళ్ళలోనూ ఒకే చోట ఉండే గది దొంగకూ ముందే తెలిసిపోతుంది. మిగతా ఇల్లంతా చీకట్లో తడుముకోవాల్సిన వాడు ఈ గదిలోకి మాత్రం కళ్ళు మూసుకుని రాగలడు. అందులో ఉన్న సామానుతోనే ఇంటికి కన్నం వేయగలడు.

అందుకని కొత్త పద్ధతి వచ్చింది. గదిలో గడియారం తీసేసి కాపలా పెట్టాం. సరిగ్గా గుమ్మం దగ్గరకు వచ్చి టైం అడిగినవాడికి కాపలావాడు లోపలికెళ్ళి కనుక్కొచ్చి చెబుతాడు. కాస్త ఆలస్యం, అంతే. గోడ దూకి గది మధ్యలో దిగినవాణ్ణి మాత్రం అక్కడికక్కడే చంపేస్తాడు. కొత్త ప్రోగ్రాములకు వేరే దారి ఉంది కాబట్టి ఈ గుమ్మంతో పని లేదు. ఇంకా ఎవరైనా వస్తున్నారేమో చూద్దామని కాపలావాడికి నేను మరో పని అప్పజెప్పాను. ఎవరొచ్చినా ఆఫీసులో నా తెర మీద ఒక వరుస పడాలి.

వస్తున్నది ఒక్కరే. విజయవాడ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట్‌లో ఒక కాటా. దాని ప్రోగ్రాము పాతకాలంది. బరువు మారినప్పుడల్లా టైం వేసుకోవాలని పాత గుమ్మానికే వస్తుంది. దాన్ని రాసినవాడు ఎటో వెళ్ళిపోయాడు. తిరగరాద్దామంటే అసలు ప్రతి ఎవరి దగ్గరా లేదు. ఒక్క కాటా కోసం తలుపు తెరిచి పెట్టుకోవడమేమిటి, వచ్చే వెర్షన్‌లో గోడ కట్టెయ్ అని హెడ్డాఫీసు అంటోంది.

ఈ సంగతి కాటా నడిపే అతని దాకా వెళ్ళింది. నల్లగొండ పల్లె నుంచి వచ్చినవాడు. నేనతన్ని ఎప్పుడూ చూడలేదు, ఫోన్లో గొంతే తెలుసు.

“సార్, గీ కాటా బంద్ చేస్తరంట గదా,” అన్నాడు.

“కాటా కాదండీ, అందులో పాత ప్రోగ్రాము నడవదు. కొత్తది వేయించుకోవాలి.”

“మా సేటు ఏపియ్యడు సార్. జాగ గోదాముకు కిరాయికిస్తనని ఎప్పటిసంది సూస్తున్నడు. కాటా పండుకున్న దినమే నన్ను ఎల్లగొడ్తడు. నా కాపురం గీడనే, కాటా ఎన్క రూములనే. జర చూడుండ్రి.”

“చూస్తానండీ.”

“చూస్త అంటే చూస్తరా, ఊకె అంటున్నరా?”

నా ముఖం ఎరగని మనిషికి కూడా నా సంగతి తెలిసిపోయింది.

ఆ రోజుల్లో ఆఫీసు ఖాళీ అయిపోతూ వచ్చింది. మాలో సగంమంది మా కృష్ణా జిల్లా వైపు వాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు బెంగుళూరుకు బదిలీ పెట్టుకున్నారు. ఇక్కడివాళ్ళు ఊరేగింపుల్లో ఉండేవారు. కింద కోచింగ్ సెంటర్ మూతపడింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు లేదు. బంద్ రోజున కూడా నేను సందుల్లోంచి స్కూటర్ తోసుకుని ఆఫీసుకు వచ్చేవాణ్ణి. ఇంట్లో ఉంటే ఫ్రిజ్ తప్ప పలికేది లేదు. పెళ్ళి సంగతి అడక్కండి, ఆ కోతలకు వేరే పుస్తకం కావాలి. టీ కొట్టు దగ్గర నేను రాగానే రాష్ట్రం మాట ఆగి క్రికెట్ మాట మొదలయ్యేది. మర్యాద కోసమే. నన్నెవరూ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అన్నా బాగుండుననిపించేది.

అందుకని తెర మీద వరుస పడగానే “వచ్చావా” అనేవాణ్ణి. లారీ ఎక్కితే ఒకటి, దిగితే ఒకటి. టమాటాల లారీ అనుకునేవాణ్ణి, ఇసుక లారీ అనుకునేవాణ్ణి. ఒకరోజు సర్కస్ ఏనుగును తూచారని నాకు నేనే చెప్పుకున్నాను. వినడానికి ఇంకెవరూ లేరు. నేను కూడా నమ్మలేదు.

ఒక రోజు రోడ్ల మీద వంటావార్పూ అన్నారు. ఎక్కడికక్కడ రోడ్డుకు అడ్డంగా పొయ్యి పెట్టి, వండి, అక్కడే బంతులు వేసుకుని తినడం. పొద్దుటినుంచి విజయవాడ రోడ్డు మీద బండి కదలలేదు. కాటాకు లారీ వచ్చే మాటే లేదు. ఇవాళ నాకు మాటాపలుకూ లేదని టిఫిన్ డబ్బా విప్పుకున్నాను.

వరుస పడింది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత వాన మొదలైనట్టు ఒకదాని మీద ఒకటి. లారీల్లేని రోజున కాటా ఊపిరాడకుండా టైం అడుగుతోంది.

ఎవడో దూరాడనుకున్నాను. పాత గుమ్మం కనిపెట్టాడు, చిరునామా సరిచూసుకుంటున్నాడు, కాసేపట్లో లోపలికొస్తాడు. నేనిన్నాళ్ళూ చదివిందంతా దీని గురించే. చేతిలో ముద్ద డబ్బాలో పడేసి, ఆ యంత్రం మీద పాత గుమ్మం మూసేశాను. వరుసలు ఠక్కున ఆగాయి. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు అప్పుడు వినపడింది.

దొంగ అయితే సరే. కాకపోతే, కాటాను నా చేత్తో చంపాను. సేటు ఎదురుచూస్తున్న సాకు నేనే ఇచ్చాను. ఏదో తేలకుండా మళ్ళీ తెరవడానికీ లేదు. అతనికి ఫోన్ చేశాను. మోగింది, తీయలేదు. మళ్ళీ చేశాను. స్కూటర్ తాళం తీసుకుని మెట్లు దిగాను.

ఎల్బీనగర్ దగ్గర తారు ఎంత కరిగిందంటే, కాలు ఆనించినప్పుడు నా ఎడమ చెప్పు అక్కడే ఉండిపోయింది. తర్వాత దాని మీదే మెట్రో స్తంభం లేపారు. హయత్‌నగర్ దాటాక బండికి దారి లేదు. ఒంటి చెప్పుతో నడిచాను.

కాటా మీద లారీ లేదు, ఊరుంది. రోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు. రోడ్డు కాలిపోతోంది కాబట్టి, రేకుల నీడ ఉన్న కాటా ఇనుప పలక మీదే బంతి వేశారు. విస్తరాకుల ముందు వరుసగా మనుషులు. ఒకరు నీళ్ళకు లేస్తారు, ఇద్దరొచ్చి కూర్చుంటారు. గంటె పట్టుకున్న పెద్దావిడ ఈ చివర ఎక్కి ఆ చివర దిగుతుంది. మనిషి ఎక్కినా దిగినా బరువు మారినట్టే. మారినప్పుడల్లా ఆ పిచ్చి ప్రోగ్రాము టైం అడిగింది. నా దొంగల ముఠా పచ్చిపులుసు పోసుకుని తింటోంది.

“లారీ ఏది సార్?” అన్నాడు తువ్వాలు భుజాన వేసుకున్న మనిషి. గొంతు గుర్తుపట్టాను. అతనే.

“లారీ లేదండీ. నేనే వచ్చాను.”

“మిమ్ముల తూచాల్నా?” అని నవ్వి, నా గొంతు పోల్చుకుని, “మీరు డబ్బ సారా?” అన్నాడు.

అతని గదిలోకి వెళ్ళి గుమ్మం మళ్ళీ తెరిచి, యంత్రాన్ని లేపాను. అతను తలుపు దగ్గరే నిలబడి చూశాడు. “సేటుకు తెల్వకముందే లేపిన్రు. సాలు సార్. ఇగ రాండ్రి, తిందురు.”

“వద్దండీ, నేను...”

పెద్దావిడ అందుకుంది. “మాట ఇనంగనే తెలిసింది తియ్యి. మా పప్పుల బెల్లం ఎయ్యం, మరి దిగుతదా?”

“మీరు వడ్డిస్తే దిగుతుందండీ.”

“మాటలు మంచిగనే నేర్సిండు. జరుగుండ్రి, కూసోనియ్యుండ్రి.”

జరిగారు, కూర్చున్నాను. అతను కిటికీలోంచి అంకెలు చూసి, “సార్, తినకముందు గింతున్నరు. తిన్నంక మల్ల చెప్త,” అన్నాడు. బంతి అంతా నవ్వింది. పక్కనున్న ముసలాయన నెమ్మదిగా అడిగాడు. “రాష్ట్రమొచ్చినంక పోతరా బిడ్డా?”

“నా స్కూటర్ స్టార్టయితే కదండీ పోవడానికి,” అన్నాను.

ప్రమాణం చేశాను కాబట్టి ఇక్కడ ఆగాలి. చెప్పు సంగతి వదిలేయండి, అలాంటివి నేను లెక్కలోకి తీసుకోను. బంతిలో కూర్చోవడం అబద్ధం.

కాటా మీద బంతి నిజం. దొంగలనుకుని తలుపు మూయడం నిజం. నడిచి వెళ్ళడం నిజం. వెళ్ళి రోడ్డుకు ఇవతల, మూసి ఉన్న పంక్చర్ షాపు రేకు కింద నిలబడ్డాను. “గా పప్పు జర ఇటు పంపుండ్రి” అన్న గొంతు విని అతన్ని గుర్తుపట్టాను. ఫోన్లో పొడుగ్గా అనిపించేవాడు, మనిషి పొట్టి. ఫోన్ గదిలో వదిలేసి వచ్చినట్టున్నాడు. పెద్దావిడ కూడా ఉంది, వడ్డిస్తోంది. బెల్లం మాట మాత్రం ఆమె అనలేదు, ఆమె నోట్లో నేను పెట్టాను. ముసలాయన్ని పూర్తిగా నేనే కూర్చోబెట్టాను. ఆ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతారని ఆ ఏళ్ళంతా ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు.

రోడ్డు దాటితే నోరు తెరవాలి. తెరిస్తే నా యాస బయటపడుతుంది. పడితే ఏమవుతుందో నాకు తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. నన్నెవరూ కోపంగా చూడలేదు, అసలు చూడనే లేదు. పుట్టి బుద్ధెరిగాక మూయని నోరు ఆ రోజు మూసుకుని, అన్నం వాసన చూసి వెనక్కి నడిచాను.

దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి ఎండ దిగుతోంది. ఆఫీసు నుంచే గుమ్మం తెరిచి యంత్రాన్ని లేపాను. తెర మీద వరుస పడింది. కాసేపటికి ఇంకొకటి. ఆఖరి బంతి లేస్తున్నట్టుంది. తడవకొకటిగా పడుతూ పడుతూ, తర్వాత పడలేదు. పొద్దుటి టిఫిన్ డబ్బాలో అన్నం ఎండిపోయింది. అదే తిన్నాను.

హెడ్డాఫీసుకు మాత్రం అబద్ధం నిజంగానే చెప్పాను. జిల్లాలోని కాటాలన్నీ ఆ గుమ్మం మీదే బతుకుతున్నాయనీ, గోడ కడితే లారీలు బెంగుళూరు దాకా బారులు తీరతాయనీ చెప్పాను. నా గేదె కథ వాళ్ళ దాకా వెళ్ళనట్టుంది, నమ్మారు. కాపలాతో సహా గుమ్మాన్ని ఉండనిచ్చారు. కాటా నడిచింది. దాని వెనక గదిలో కాపురం నిలబడింది.

కొన్నాళ్ళకు అతని ఫోన్ వచ్చింది. “సార్, గా వంటావార్పు దినం డబ్బ జరసేపు పండుకున్నదంట, మల్ల దానంతటదే లేచింది. సేటుకు తెల్వనే తెల్వదు.”

“అవునా అండీ.”

“మస్తు మంది ఒచ్చిండ్రు సార్ ఆ దినం. మీరుంటే మంచిగుండు. పిలుద్దమనే అనుకున్న. అంత దూరంకెల్లి ఎట్లొస్తరు అని ఊకున్న.”

“రోడ్లన్నీ బంద్ కదండీ,” అన్నాను. “ఎలా వస్తాను.”