గంప దించాకే మాట

కష్టం వస్తే ఏం చేయాలన్న దాని మీద ఇంగ్లీషులో ఉన్నన్ని మాటలు ఇంకెక్కడా ఉండవేమో. ఎదురు నిలిస్తే ఫేస్ అప్ టు, లొంగిపోతే గివ్ ఇన్, కోలుకుని బయటపడితే గెట్ ఓవర్. కోటబొమ్మాళిలో మా ఇంటి వరండాలో ఇవి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. గైడులో వాక్యాలు బట్టీపట్టి అప్పజెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే గౌరికి అవన్నీ కంఠతా వచ్చు. కానీ ఎదురుగా కూర్చోబెట్టి "నువ్వు ఎదుర్కొన్న కష్టం ఒకటి చెప్పు" అంటే నోరు పెగలదు. రెండు ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. సోమవారం విశాఖపట్నంలో ఆసుపత్రి రిసెప్షన్ ఉద్యోగానికి పిలిచారు. ఇదీ పోతే ఇక ఎక్కడికీ వెళ్ళనని చెప్పేసింది.

వాళ్ళమ్మ కూర్మమ్మ భావనపాడు నుంచి ఎండుచేపల గంపతో వచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. అమ్మకం అయ్యాక మా గుమ్మంలో కూర్చుని కూతురి కోసం చూస్తుంది. నేనంటే ఆవిడకి భయం లేదు, గౌరవమూ అంతంతే. నాకు మాత్రం ఆవిడంటే ప్రాణం.

ఇంటర్వ్యూకి ముందు ఓ రోజు నేను అదే ప్రశ్న అడిగితే గౌరి తడబడడం విని కూర్మమ్మ లోపలికి వచ్చింది.

"ఒసే, గంప నెత్తి మీదెట్టుకుని నానెప్పుడైనా బేరమాడినానేటి?"

గౌరి తల అడ్డంగా ఊపింది.

"మెడ నొప్పెడతంటే ఎంతకైనా ఇచ్చేస్తాం. కొనేవోలకి అది తెల్సు. అందుకే ‘ఓ సెయ్యెయ్యమ్మా’ అని ఆల సేతే దింపించుకుంటాను. కూకుంటాను. ఆ తరవాతే మాట."

ఆ గంపకి నేనూ ఎన్నోసార్లు చెయ్యి వేశాను. వేశాక ఏమీ కొనకుండా లోపలికి పోవడం ఒక్కసారి కూడా నా వల్ల కాలేదు.

"అక్కడ గంపేటుంటాదమ్మా?" అని గౌరి విసుక్కుంది.

"ఏటో ఒకటుంటాది. సూసుకో."

సోమవారం పొద్దున్నే కూర్మమ్మ మా గుమ్మంలో గంప దింపుకుని కూర్చుంది. సాయంత్రం గౌరి ఫోన్ చేస్తే ఇద్దరం విన్నాం. ప్రశ్న అడగగానే గొంతు ఎండిపోయిందట. "కొంచెం మంచినీళ్ళు ఇస్తారా మేడమ్" అని అడిగేసిందట. ఆ మేడమే లేచి గ్లాసు అందించిందట. తాగి, ఒళ్ళో ఫైలు పక్కన పెట్టి, అప్పుడు నోరు విప్పిందట. నాన్న కాలు విరిగి చేపల వేటకి వెళ్ళలేని ఏడాది అమ్మ మొదటిసారి గంప ఎత్తుకున్న సంగతి, దింపడం తెలియక మొదటిరోజు సరుకంతా అయినకాడికి ఇచ్చేసిన సంగతి చెప్పిందట.

"ఒకటో తారీకుని రమ్మన్నారు టీచర్" అంది గౌరి.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్మమ్మ ముక్కు చీదుకుని, కొంగు దులిపి, తల మీద చుట్టకుదురు పెట్టుకుంది.

"ఓ సెయ్యెయ్యమ్మా. బస్సుకి టైమైపోతన్నాది."

ఎత్తబోతే బరువు తెలిసింది. పొద్దుట్నించీ ఆవిడ ఒక్క వీధి కూడా తిరగలేదు.

"దించు కూర్మమ్మా," అన్నాను, "ఏం తెచ్చావో చూపించు."