రెబ్కా కుందేళ్లు

పర్చూరు క్రైస్తవుల పేటలో, తమ్ముడు యేసుపాదం ఇంటికి ఆనించి వేసిన తాటాకు పాకలో రెబ్కా ఉండేది. వయసులో ఉన్నప్పుడు వీపు మీద స్పర్శ తెలియని మచ్చ ఒకటి వస్తే, ఎవరికీ చెప్పకుండా రవిక కింద దాచుకుంది. తెలిస్తే పెళ్లి కాదని భయం. ఆసుపత్రికి వెళ్లేసరికి చేతివేళ్లు వంకరపోయి, స్పర్శ పోయింది. మిషను ఆసుపత్రిలో ఏళ్ల తరబడి మందులు మింగి, కుష్ఠు పూర్తిగా నయమయ్యాక 1984లో ఇంటికి వచ్చింది. అక్కడి నర్సమ్మ ఇచ్చిన కుందేళ్ల జతను బుట్టలో పెట్టుకుని తెచ్చుకుంది. ఒకటి తెల్లది, రెండోది బూడిద రంగుది.

రోగం పోయిందని డాక్టర్లు చెప్పినా పేట నమ్మలేదు. మరదలు కంచం వేరే పెట్టింది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు వెనక్కి లాక్కునేవారు. ఆమె పాకలోకి వచ్చేది పక్క వీధిలో పరుపులు కుట్టే మౌలాబీ ఒక్కతే. మధ్యాహ్నం పని అయ్యాక వచ్చి, తెల్ల కుందేలును ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కూర్చునేది.

ఎనభై ఆరులో పత్తి తీతలు మొదలైన రోజుల్లో ఆ తెల్లది చెవులు గోక్కోసాగింది. పోను పోను చెవుల అంచులా, ముక్కు మీదా తెల్లటి చెక్కులు కట్టాయి. వెంట్రుకలు ఊడిపోయాయి. పశువుల ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. అయినా రెబ్కా వెళ్లలేదు. తన రోగమే కుందేలుకు అంటిందని నలుగురూ అంటారని ఆమె భయం. పంజరం మీద గోనెపట్టా కప్పి, వేపనూనె రాస్తూ ఉండిపోయింది. ఆ రోజుల్లోనే మౌలాబీ రావడం మానేసింది. ఆమె కూడా అందరిలాంటిదేననుకుని రెబ్కా కారణం అడగలేదు.

కుందేలు మేత తగ్గించింది. యేసుపాదం వచ్చి చూశాడు.

"పత్తికి కొట్టే మందు కాస్త మిగిలిందక్కా. నీళ్లలో కలిపి రాస్తే పురుగు చస్తుంది."

"వద్దు తమ్ముడూ. అది ఒళ్లు నాక్కుంటుంది."

ఆదివారం ఆమె చర్చికి వెళ్లినప్పుడు, అక్క దిగులు చూడలేక అతనే ఆ మందు రాశాడు. ఆమె తిరిగొచ్చేసరికి తెల్లది నోటి వెంట నురగ కారుతూ కాళ్లు కొట్టుకుంటోంది. పొద్దు వాలకముందే చచ్చిపోయింది. యేసుపాదమే గొయ్యి తవ్వాడు.

"మంచికే చేశాననుకున్నానక్కా" అన్నాడు.

రెబ్కా అతణ్ని ఒక్క మాట అనలేదు. తాను ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఉంటే తమ్ముడికి ఆ పని పడేదే కాదు.

మర్నాడు చూస్తే బూడిదదాని చెవి అంచున కూడా సన్నగా పొట్టు లేస్తోంది. వెంటనే బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచింది.

డాక్టరు చెవి అంచు గీరి, ఆ పొట్టును భూతద్దం కింద చూశాడు. "గజ్జి పురుగమ్మా. చర్మాన్ని తొలుచుకుని పోతుంది. ఇది నయమవుతుంది."

"ఇంకోటి చచ్చిపోయిందండి. పత్తి మందు రాశాం."

ఆయన భూతద్దం పక్కన పెట్టాడు. "గోక్కోవడం మొదలైనప్పుడే తేవాలమ్మా. పొట్టు లేచినా, వెంట్రుకలు ఊడినా ఆగకూడదు. మేత మానితే ఇక ఆ రోజే రావాలి. పొలం మందులు ఎప్పుడూ రాయొద్దు."

రెబ్కా చేతులు బల్ల మీద పెట్టింది. "ఇది నావల్ల వచ్చిందాండీ?"

ఆయన ఆ వేళ్లు చూశాడు. "కాదు. మీకొచ్చింది వేరు, ఇది వేరు. కాకపోతే ఈ పురుగు మనుషులక్కూడా కొన్నాళ్లు దురద పెడుతుంది. మీ చేతులకు దురద తెలియదు కాబట్టి రోజూ కళ్లతో చూసుకోండి. ఇంకెవరైనా ఎత్తుకున్నారా కుందేళ్లను?"

రెబ్కా లేపనం డబ్బా తీసుకుని ఇంటికి పోకుండా మౌలాబీ ఇంటికి వెళ్లింది. మౌలాబీ వాకిట్లో దూది ఆరబోస్తోంది. ఎండలో కూడా పైటను చేతుల మీదుగా కప్పుకుని ఉంది.

"నా కుందేళ్లకు గజ్జి పట్టింది మౌలాబీ. నీ చేతులకేమన్నా దురదగా ఉందా?"

మౌలాబీ వీధి వైపు చూసింది. తర్వాత మెల్లగా చేతుల మీది పైట తీసింది. ముంజేతుల నిండా ఎర్రటి పొక్కులు, గోళ్ల గీతలు.

"నేను ఇంకోటనుకున్నా" అంది. "నీ రోగమే అంటిందనుకున్నా రెబ్కా. మా ఆయనక్కూడా చెప్పలా. ఇంట్లోంచి పంపేస్తాడని."

ఆ మాట రెబ్కాకు గుచ్చుకుంది. కోపం మాత్రం రాలేదు.

"నేనూ ఇట్టాగే దాచుకున్నా. పద, పెద్దాసుపత్రికి పోదాం. నేనూ వస్తా."

ఇద్దరూ బజారు మీదుగా కలిసి వెళ్లారు. మందు రాసుకున్నాక మౌలాబీ చేతులు మామూలయ్యాయి. రెబ్కా పాత గడ్డి తగలబెట్టి, మరిగిన నీళ్లతో పంజరం కడిగి, డాక్టరు చెప్పినన్నాళ్లూ లేపనం రాసింది. కళ్లాల్లో మిరపకాయలు ఎండబోసే నాటికి బూడిదదానికి వెంట్రుకలు మళ్లీ వచ్చాయి.

యేసుపాదం మాత్రం చాలాకాలం ఆ పంజరం వైపు రాలేదు. ఒక సాయంత్రం పొలం నుంచి కుందేలు మేతకు పిల్లిపెసర తీగలు మోపు కట్టి తెచ్చి, అక్క గుమ్మంలో దించి, బయటే నిలబడ్డాడు.

"నువ్వే వెయ్యి" అంది రెబ్కా, పంజరం తలుపు తీస్తూ.