టేకు ఒంటి బేస్ గిటారు

పాత బేస్ గిటార్ల పిచ్చి పట్టినవాడికి కాలు ఒకచోట నిలవదు. ఖమ్మంలో మా ఇంటి వెనక గది నిండా అవే. నాకు వాయించడం మాత్రం రాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మా ఆవిడ ముందు ఆ సంగతే చెబుతుంది.

అశ్వారావుపేటలో పెళ్లి బ్యాండు నడిపే ఒక భాయ్ ఫోనులో ఫొటో పంపాడు. నాలుగు లావు తీగల గిటారు, మెడ జపాన్‌ది. అసలు ఒళ్లు ఏదో బరాత్‌లో బండి మీంచి పడి పగిలితే, అక్కడి వడ్రంగి టేకుతో కొత్త ఒళ్లు చేసి బిగించాడట. భాయ్ వాళ్ల నాన్న పోయేదాకా దాన్నే వాయించాడు. ఆయన మోచేయి ఆనిన చోట పాలిష్ పోయి చెక్క నున్నగా తేలింది. ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు. నాకు కావలసింది ఆ అరుగుదలే.

"శుక్రవారం నమాజ్ అయినంక రాండ్రి సార్" అన్నాడు భాయ్.

ఈలోగా ఇంకెవడైనా తన్నుకుపోతాడేమోనని నాకు ఒకటే భయం. రోజూ ఫోను చేసి విసిగించాను. శుక్రవారం తెల్లారకముందే లేచి కూర్చున్నాను. సత్తుపల్లి దాటాక పామాయిల్ గెలల ట్రాక్టర్లు దారివ్వవు. ఒక్కొక్కదాన్నీ తిట్టుకుంటూ వెళ్లాను.

భాయ్ ఇంట్లో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి గిటారు పెట్టారు. ఎర్రగా, కొత్త ట్రాక్టరులా మెరుస్తోంది. ఒక్క గీత లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంది భాయ్ ఇది?"

"రంగేపిచ్చిన సార్. సామాను చెయ్యి మారుతుంటే కొత్తగ చేసే ఇస్తం. డోలైనా, బాకైనా మా బ్యాండోళ్లల్ల గట్లనే."

"ఆ అరిగిన చోటు కోసమే కదా నేనొచ్చింది! అంతా పాడు చేసినవ్!"

భాయ్ దుప్పటి అంచు సర్దాడు.

"అది మా అబ్బాజాన్ మోచెయ్యి ఆనిన జాగ సార్. మీకు గిటారు ఇస్తనన్న. ఆయన్ని ఇస్తనన్ననా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "రంగేసే ముందు పెయింటరును ఆ జాగ గీకనియ్యలే. నేనే గీకిన."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. సిగ్గేసింది. తీసుకుంటానని తలూపాను.

కారు దాకా ఎవరినీ మోయనివ్వలేదు భాయ్. వెనక సీట్లో పడుకోబెట్టి, ఆ ఎర్ర రంగు మీద ఎక్కడా వెతుక్కోకుండా ఒక్కచోటే అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. తరవాత తలుపు వేశాడు.