అవ్వ తుమ్మిన రోజు

నా చిన్నప్పుడు ఆడి పద్ధెనిమిది, అంటే తమిళుల ఆడి నెలలో వచ్చే ఏటి పండగ, వచ్చిందంటే మా ఇంట్లో మధ్యాహ్నం పూట ఎవరూ ఉండేవాళ్ళు కాదు. వేకువనే పులిహోర, నిమ్మకాయన్నం, పెరుగన్నం కలిపి క్యారియర్లలో సర్దుకొని, పారే నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి పోయి తిని రావాలి. తమిళనాడులో మా రాజపాళయం వాళ్ళకి పారే నీళ్ళంటే పడమటి కొండల కింద ఉన్న చిన్న డ్యామే. నిజం చెప్పాలంటే దానికి డ్యామ్ అన్న పేరు కాస్త ఎక్కువే. ఏటికి అడ్డంగా ఒక రాతిగోడ, దాని మీంచి పొర్లి కింది మడుగులో పడే నీళ్ళు, అంతే. నీడా మామిడితోపూ అవతలి గట్టున ఉండడం వల్ల, జనం ఆ గోడ మీదే చీలమండ లోతు నీళ్ళలో నడిచి అటు పోయేవాళ్ళు. పట్టుకోవడానికి కమ్మీ లేదు, హెచ్చరించే బోర్డు లేదు. పాచికి మాత్రం కరువు లేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్నాయనకి పెళ్ళి కుదిరింది. ఆయన నూలు మిల్లులో సూపర్‌వైజరు. నా దృష్టిలో లోకంలో అంత ధైర్యవంతుడు ఇంకొకడు లేడు. ఆ ఏడు ఆడి పద్ధెనిమిదికి మర్యాదగా ఉంటుందని పెళ్ళికూతురి అన్నని కూడా పిలిచారు. ఆయన మాట తీరే కొంచెం గిల్లినట్టుంటుంది. మా అమ్మా, మా అవ్వా, నేనూ, ఈ ఇద్దరు మగవాళ్ళూ, మొత్తం మేమింతే. అవ్వంటే మా నాయనమ్మ, అంటే చిన్నాయనకి కన్నతల్లి. వ్యాన్‌నీ డ్రైవర్‌నీ ఇవతలి గట్టున వదిలి, గోడ దాటి తోపులోకి పోయాం.

కడుపు నిండా తిన్నాక పెద్దవాళ్ళు ఒక కునుకు తీశారు. లేచేసరికి మిగతా జనం ఎప్పుడో వెళ్ళిపోయారు. మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది, కొండ మీద మాత్రం నల్లగా మూసుకుపోయింది. పైన పడే వాన కింద వాళ్ళకి కబురు చేసి రాదు. మేం గోడ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు టీ రంగుకి మారి, ఆకులూ పుల్లలూ మోసుకుంటూ మోకాలెత్తున ఉరుకుతున్నాయి. అవతల డ్రైవరు రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఒక్క ముక్క వినబడలేదు.

వెనక్కి పోదామంటే తోపు, తోపు దాటితే అడివి. పొద్దు వాలితే ఏనుగులు ఆ ఏటికే నీళ్ళకి దిగుతాయని ఊళ్ళో పిల్లకి కూడా తెలుసు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న మాట అంతకుముందు బడిలో చదివాను, అర్థం మాత్రం ఆ రోజే తెలిసింది. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు వినబడగానే నేను అమ్మ చీర పట్టుకొని ఏడుపు మొదలుపెట్టాను.

అప్పుడు పెళ్ళికూతురి అన్న నవ్వుతూ అన్నాడు. "ఏం మాప్పిళ్ళ, మోకాలి నీళ్ళకే నిల్చిపోయినారే?"

కాబోయే అల్లుణ్ణైనా బావనైనా మా వైపు మాప్పిళ్ళ అని ముద్దుగానే పిలుస్తారు. ఆయన అన్నది మాత్రం ముద్దుగా లేదు. చిన్నాయన మొహం కందిపోయింది. "నేను పోయి వ్యాన్లో ఉండే తాడు ఎత్తుకొని వస్తాను. అది పట్టుకొని అందరూ దాటండి" అన్నాడు. మా వాళ్ళ సంగతి మీకు తెలియదు. నలుగురి ముందు ఒక మాట అన్నామంటే కొండ వచ్చి మీద పడినా దాన్ని వెనక్కి తీసుకోం. అదేదో గొప్ప అనుకుంటాం.

చిన్నాయన పంచె ఎగ్గట్టి గోడ మీద ఒక కాలు పెట్టాడు. నీళ్ళు ఆ కాలి చెప్పుని లాక్కుపోయాయి. ఆయన కాలు వెనక్కి తీసుకొని, రెండో చెప్పు విప్పడానికే ఆగినట్టు వంగాడు. సరిగ్గా అప్పుడే మా అవ్వ గట్టిగా తుమ్మింది.

"నూరేళ్ళు" అన్నది మా అమ్మ అలవాటుగా. అవ్వ ముక్కు తుడుచుకొని, "తుమ్మినాక కాలు బయట పెట్టగూడదు. కూసోని నీళ్ళు తాగి పో" అన్నది. మా ఇంట్లో ఇది చట్టం. పరీక్షకి పోయే పిల్లలైనా సరే, ఎవరైనా తుమ్మితే ఆగి కూర్చోవాల్సిందే. చిన్నాయన రాయి మీద కూర్చున్నాడు. అమ్మ చెంబు అందించింది.

నాకు మాత్రం ఒక సంగతి అర్థం కాలేదు. అవ్వకి నిద్ర లేచింది మొదలు ముక్కుపొడి ఉండాలి. అంత పొడి పీల్చే మనిషి తుమ్మగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

నీళ్ళు తాగి చిన్నాయన లేచాడు. అవ్వ మళ్ళీ తుమ్మింది. పెళ్ళికూతురి అన్న ఊరుకుంటాడా, "రెండైనాయి పెద్దమ్మా, జోడు తుమ్ము మంచిదే" అన్నాడు. అవ్వ వకీలు లాగా కళ్ళు చిన్నవి చేసింది. "జోడంటే ఒకటి మీద ఒకటి రావల్ల నాయనా. నడుమ చెంబు నీళ్ళు తాగినాడు గదా. అది వేరే తుమ్ము, ఇది వేరే తుమ్ము." చిన్నాయన మళ్ళీ కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాసేపట్లో చీకటి పడుతుంది, ఏనుగులు వస్తాయి, ఈ ముసలామె తుమ్ముల లెక్క చూసుకుంటూ మమ్మల్ని ఇక్కడే చంపేస్తుందని అనుకున్నాను. తాడు తెచ్చే ఒక్క మనిషినీ పోనివ్వడం లేదని ఆమె మీద అసహ్యం కూడా వేసింది. చిన్నాయన మూడోసారి లేచాడు. అవ్వ నన్ను ఒళ్ళోకి లాక్కొని, కన్నీళ్ళు తుడుస్తున్నట్టు కొంగు నా మొహాన కప్పింది. కొంగు కింద ఆమె రెండు వేళ్ళూ నా ముక్కు దగ్గరికి వచ్చాయి. ఇక చూసుకోండి, నేను తుమ్మిన తుమ్ములకి నా ఏడుపు కూడా ఆగిపోయింది. అవి సరి సంఖ్యా బేసి సంఖ్యా అని పెళ్ళికూతురి అన్నకీ అవ్వకీ వాదం పడింది. తాను ఒక్కొక్కటీ లెక్కపెట్టాననీ, బేసేననీ అవ్వ తేల్చేసింది.

వాదం అయ్యాక అందరం ఏటి వైపు చూశాం. గోడ లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకటే బురద నీళ్ళు, గోడ ఎక్కడ ఉండేదో వేలు పెట్టి చూపించలేం. మా అమ్మ కిందే కూలబడింది. అందరికంటే ముందు పెళ్ళికూతురి అన్నే, "పెద్దమ్మ చెప్పినట్టే ఉందాం. తెల్లారినాక పోదాం" అన్నాడు. ఆ గొంతులో గిల్లుడు లేదు.

తోపు కావలి వాళ్ళ కొట్టంలో తలుపుకి రాళ్ళు అడ్డం పెట్టుకొని ముడుచుకు కూర్చున్నాం. పొద్దున్నే వాన నీళ్ళు దిగిపోయి గోడ బయటపడింది. డ్రైవరు తాడు పట్టుకొని ఎదురొచ్చి ఒక్కొక్కరినే దాటించాడు. ఇంటికొచ్చాక అవ్వ ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఏటి గాలికి జలుబు చేసిందని చెప్పి, వారం రోజులు కషాయం కూడా తాగింది. చిన్నాయన మాత్రం పెళ్ళయ్యాక కూడా, "మా అమ్మ తుమ్మింది గాని, లేకుంటే ఎప్పుడో దాటేసేవాణ్ణి" అని మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. ఆయన బావమరిది పక్కనే కూర్చొని అవునవునని తల ఊపేవాడు.

అవ్వ పోయిన చాలా ఏళ్ళకి, చిన్నాయన కూడా కర్ర పట్టుకొని నడిచే రోజుల్లో, ఒకసారి ఆయన్ని అడిగాను. నిజంగా తుమ్ముకే ఆగిపోయావా అని. ఆయన చాలాసేపు నవ్వాడు.

"మా అమ్మ ముక్కు నాకు తెలీదా? చెప్పు పోయినప్పుడే నా కాళ్ళు వణికినాయి పాపా. చచ్చిపోతానని తెలిసిపోయింది. అయినా పోయేవాణ్ణే. అందరి ముందర అనేస్తినే, ఎట్ల తిరిగి వచ్చేది?"

అడకత్తెరలో పోకచెక్కలా ఆ రోజు ఇరుక్కున్నది ఏనుగులకి భయపడి ఏడ్చిన నేను కాదు, మా చిన్నాయన. వద్దురా అని అవ్వ ఒక్క మాట అని ఉంటే ఆయన ఆ పట్టుదలకే దిగిపోయేవాడు. కొడుకు భయాన్ని ఆమె కళ్ళారా చూసింది. చూసినట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. అతను తల దించుకోకుండా కూర్చోవడానికి ఒక దారి చేసిపెట్టింది. ఇంట్లో పంతాలు ముదిరినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది, నా నోటికి వచ్చిన మాట సగంలో ఆగిపోతుంది.

పోయిన వానాకాలం మనవరాలినీ దాని కాలేజీ స్నేహితుల్నీ వెంటబెట్టుకొని ఆ డ్యాముకే పోయాను. ఇప్పుడు కమ్మీలు వేశారు, తమిళంలో పెద్ద బోర్డు పెట్టారు. పిల్లలు ఆ బోర్డు ముందే ఫోటోలు దిగారు. స్నేహితులు ఏదో పందెం కట్టినట్టున్నారు, మా పిల్ల ఫోన్ ఇంకొకరి చేతికిచ్చి, కమ్మీ దాటి గోడ అంచున నిలబడింది. నీళ్ళలో ఆకులు వస్తున్నాయి. అందరూ దాని పేరు పెట్టి కేకలు వేస్తున్నారు. అది నవ్వుతూనే ఉంది, కాలు మాత్రం ముందుకు పడడం లేదు.

నేను మోకాలు పట్టుకొని అక్కడే చతికిలబడ్డాను. కాలు పట్టేసింది, వచ్చి వ్యాన్ దాకా నడిపించవే అన్నాను. ఇంట్లో మేడమెట్లు దానికంటే ముందే ఎక్కుతానని ఆ పిల్లకి బాగా తెలుసు. అయినా ఒక్క ప్రశ్న వెయ్యకుండా ఇవతలికి వచ్చింది. నన్ను లేపడానికి చెయ్యి ఇచ్చింది. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది. వ్యాన్ ఎక్కి కూర్చున్నాక కూడా అది నా చెయ్యి వదలలేదు.